ఈస్టర్ చందమామ

పెరంబూరు, చెన్నై

ప్రియమైన పిల్లలకు,

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మీలో ఒకరు అడిగారు: "తాతయ్యా, కుందేలు గుడ్డు పెట్టదు కదా, మరి ఈస్టర్ బొమ్మల్లో రెండూ పక్కపక్కన ఎందుకుంటాయి?" ఎండలో నిలబడి సగమే చెప్పాను. మిగతా సగం ఇది.

ముందు గుడ్డు సంగతి. పండక్కి ముందు నలభై రోజులు శ్రమకాలం, అంటే ఉపవాసాల రోజులు. అది మొదలయ్యే బూడిద బుధవారం నుంచి లెక్కపెడితే 46 వస్తాయి, ఆదివారాలు ఉపవాసం కిందికి రావు కాబట్టి ఆరు తీసేయాలి. పూర్వం ఐరోపాలో ఆ రోజుల్లో మాంసంతో పాటు గుడ్లు కూడా ముట్టేవాళ్లు కాదు. కోళ్లు మాత్రం పెడుతూనే ఉండేవి. అలా పోగైన గుడ్లను పండగనాడు ఉడకబెట్టి, రంగులేసి పంచుకునేవాళ్లు. 1290లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు 450 గుడ్లకు రంగులు, బంగారు రేకు వేయించి పంచాడు. గ్రీకు సంఘాల్లో ఈనాటికీ ఎర్ర రంగే వేస్తారు, అది క్రీస్తు రక్తానికి గుర్తు. మూసిన పెంకు యేసు సమాధి, అది పగలడం పునరుత్థానం, అంటే ఆయన తిరిగి లేవడం.

కుందేలు బైబిల్లోది కాదు, జర్మనీది. గుడ్లు తెచ్చే కుందేలు గురించి 1682లోనే అక్కడ రాశారు. వలసపోయిన జర్మన్ల వెంట అది అమెరికా చేరింది. చాక్లెట్ గుడ్డయితే ఇంకా కొత్తది, బ్రిటన్‌లో ఫ్రై కంపెనీ 1873లో చేసింది. ఇష్టంగా తినండి, తప్పేం లేదు.

నాకు వీటన్నిటికంటే ఈస్టర్‌కు ముందు ఆదివారం వచ్చే మట్టల ఆదివారం ఇష్టం. యెరూషలేములో జనం ఖర్జూరపు మట్టలు పట్టుకుని యేసుకు ఎదురెళ్లారని యోహాను రాశాడు. రష్యా చలిలో ఖర్జూరం ఎక్కడిది? అక్కడ విల్లో కొమ్మలు పట్టుకుంటారు. గుంటూరు జిల్లాలో మా పల్లెలో ఈత మట్టలు, ఇక్కడ మనకు కొబ్బరి మట్టలు. మా అమ్మ ఒక ఆకును ఈనె తీసి, రెండు మడతలేసి, అడ్డంగా ఇంకో ముక్క దూర్చి సిలువ చేసేది. పచ్చగా ఉన్నప్పుడే చేయాలి, వాడితే మడత దగ్గర చీలిపోతుంది. ఏడాదంతా అది గుమ్మం పైన ఎండుతూ ఉండేది. అలా ఎండిన నిరుటి మట్టలను కాల్చిన బూడిదే బూడిద బుధవారం నాడు నుదుట పెట్టేది.

ఇక తేదీ ఎందుకు మారుతుందంటే, అది చందమామ లెక్క. అందరూ ఒకే ఆదివారం పండగ చేయాలని 325లో నికయలో కూడిన సంఘ పెద్దల సభ తీర్మానించింది. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారం అని లెక్క స్థిరపడింది. అందుకే మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. మన ఉగాదిదీ చందమామ లెక్కే కాబట్టి ఈ రెండు పండగలూ దగ్గర దగ్గరగా వస్తుంటాయి. 2025లో ఉగాది మార్చి 30న, ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చాయి.

మా ఊళ్లో ఈస్టర్ అంటే ముందు సమాధుల తోటే. శనివారమే గడ్డి పీకి, సమాధులకు సున్నం వేసేవాళ్లం. తెల్లవారుజామున బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లేవాళ్లం. మగ్దలేనే మరియ కూడా ఇంకా చీకటిగా ఉండగానే కదా యేసు సమాధి దగ్గరికి వచ్చింది! చనిపోయినవాళ్లు లేస్తారన్న మాటను నేను ప్రసంగాల్లో విన్నదానికంటే ఆ చీకట్లో, మా నాన్న సమాధి మీద దీపం నిలబెట్టినప్పుడే ఎక్కువ నమ్మాను.

ఇప్పుడు నా భార్య కీల్పాక్ సమాధుల తోటలో ఉంది. ఈసారి మీరూ నాతో రండి. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతాయి, కాబట్టి వాటర్ బాటిళ్లు పైభాగం కోసి తెచ్చుకోండి. అడుగున కాస్త ఇసుక పోస్తే ఒరగవు. అగ్గిపెట్టె నేను తెస్తాను. నాలుగున్నరకు గేటు దగ్గర ఉంటాను. లోపలికి వెళ్లే ముందు ఒక్కసారి తలెత్తి చూడండి. మబ్బు లేకపోతే, పౌర్ణమి దాటి తరుగుతున్న చందమామ ఇంకా పైనే ఉంటాడు.

మీ తాతయ్య