సీసాలోని నిద్రమందు ఎందుకు మారుతుంది

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. నిద్ర పుచ్చే మందులన్నీ చేసే పని దాదాపు ఒకటే అయినప్పుడు, ఒకదాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచాలని, ఇంకొకదాన్ని బయట పెట్టినా ఫరవాలేదని, మరొకదాన్ని అసలు నీళ్లలో కలపకుండా పొడిగానే ఉంచాలని ఎందుకు అంటారని మీరు అడిగారు. చాలా ఏళ్లు ఆసుపత్రి మందుల గదిలో పనిచేసినవాణ్ణి కాబట్టి, ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు.

ముందుగా ఒక సంగతి గ్రహించండి. మాత్రలో మందు అణువులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని, కదలడానికి చోటులేకుండా ఉంటాయి. అదే మందును ద్రవంలో కరిగిస్తే ప్రతి అణువూ విడిపోయి, చుట్టూ ఉన్న నీటికీ, అందులో కరిగిన ఆక్సిజన్‌కూ, సీసా గోడకూ, పైనుంచి పడే వెలుతురుకూ అందుబాటులోకి వస్తుంది. నీరు మందును మోసే వాహనం మాత్రమేనని మనం అనుకుంటాం కాని, చాలా సందర్భాలలో ఆ మందును విరగ్గొట్టేది కూడా నీరే. దీన్ని జలవిశ్లేషణ అంటారు.

దీనికి మంచి ఉదాహరణ బార్బిట్యురేట్లు అనే పాతకాలపు నిద్రమందుల కుటుంబం. 1903లో జర్మనీ శాస్త్రవేత్తలు ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మేరింగ్ వీటిలో మొదటిదైన బార్బిటాల్‌ను వైద్యానికి పరిచయం చేశారు. 1912లో ఫినోబార్బిటాల్ వచ్చింది. ఇవి నీళ్లలో సరిగా కరగవు. సోడియం లవణంగా మారిస్తే కరుగుతాయి కాని, అలా కరిగిన ద్రావణం క్షారగుణంతో ఉంటుంది, ఆ క్షారంలో నీరు అణువులోని వలయాన్ని మెల్లగా తెంచేస్తుంది. అందుకే ఫినోబార్బిటాల్ ఇంజెక్షన్‌లో నీటి పాలు తగ్గించి, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే చిక్కటి ద్రావణిని ఎక్కువగా వాడతారు. శస్త్రచికిత్సకు ముందు మత్తు ఇవ్వడానికి 1934 నుంచి వాడుకలో ఉన్న థయోపెంటాల్ విషయంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. అది లేత పసుపు పొడిగా, కొద్దిపాటి సోడియం కార్బొనేట్ కలిపి, గాలికి బదులు నైట్రోజన్ నింపిన వయల్‌లో, అంటే రబ్బరు మూత ఉన్న చిన్న సీసాలో వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరితే ద్రావణంలో ఆమ్లగుణం పెరిగి, కరిగిన మందు మళ్లీ గట్టిపడి అడుగుకు చేరుతుంది. ఆ ప్రమాదం రాకుండానే ఈ ఏర్పాట్లన్నీ. వాడే ముందు నీళ్లు కలపాలి, కలిపిన ద్రావణాన్ని 24 గంటలలోపు వాడెయ్యాలి, మిగిలితే పారబోయాలి. సూదితో నీళ్లు ఎక్కించి వయల్‌ను చేతిలో తిప్పుతున్నప్పుడు పొడి కరిగి ద్రవం తేటపడుతుంది, సన్నగా వెల్లుల్లి వాసన వస్తుంది; ఆ క్షణం నుంచి గడియారం చూసుకుంటూ ఉండాలి.

తరువాతి కాలంలో వచ్చిన బెంజోడయాజిపిన్లు అనే నిద్రమందుల కుటుంబానిది వేరే ఇబ్బంది. 1963లో మార్కెట్‌లోకి వచ్చిన డయాజిపామ్ నీళ్లలో కరగనే కరగదు. దాని ఇంజెక్షన్‌లో నూటికి 40 పాళ్లు ప్రొపిలీన్ గ్లైకాల్, 10 పాళ్లు ఆల్కహాల్ ఉంటాయి. దాన్ని సెలైన్‌లో కలిపితే చూస్తుండగానే తెల్లటి మబ్బు కమ్ముకుంటుంది. ఆ ద్రావణులు పల్చబడి, మందును పట్టి ఉంచలేక వదిలేశాయన్నమాట. తేటగా కనిపించినంత మాత్రాన భద్రమని కూడా అనుకోకూడదు, ఎందుకంటే డయాజిపామ్ పీవీసీ అనే ప్లాస్టిక్ గొట్టాల గోడల్లోకి ఇంకిపోతుంది. సంచిలో నిండుగా ఉన్న మందు గొట్టం చివరికి వచ్చేసరికి తగ్గిపోతుంది.

ఈ ఇబ్బందిని ఆ కుటుంబంలోనిదే అయిన మిడజొలామ్ దాటిన తీరు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. దాని ఇంజెక్షన్‌ను సుమారు 3 పీహెచ్ ఉన్న ఆమ్ల ద్రావణంగా తయారు చేస్తారు (పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం). ఆ పుల్లదనంలో మందు విద్యుదావేశం పొంది నీళ్లలో కరుగుతుంది, కొంత భాగంలో అణువులోని ఏడు పరమాణువుల వలయం కూడా తెరుచుకుంటుంది. రక్తం పీహెచ్ 7.4, అక్కడికి చేరగానే వలయం తిరిగి మూసుకుంటుంది, అణువు కొవ్వులో కరిగే గుణం పొంది సులభంగా మెదడుకు చేరుతుంది. సాధారణంగా వలయం తెరుచుకోవడం మందు పాడైనట్టు లెక్క. ఇక్కడ మాత్రం తిరిగి మూసుకునే వలయం కాబట్టి, ఆ లోపమే సాధనంగా మారింది. అందువల్లనే మిడజొలామ్‌ను ఫ్రిజ్‌లో పెట్టవలసిన అవసరం లేకుండా, వెలుతురు సోకని చోట మామూలు గది వేడిలో ఉంచవచ్చు.

అదే కుటుంబానికి చెందిన లోరజిపామ్ ఇంజెక్షన్‌ను మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య, చీకట్లో ఉంచాలి, ఎందుకంటే అది గది వేడికి మెల్లమెల్లగా విచ్ఛిన్నమవుతుంది. చలి ఎలా కాపాడుతుందో 1889లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరేనియస్ చెప్పిన సూత్రం తెలుపుతుంది. స్థూలంగా లెక్కవేస్తే, ఉష్ణోగ్రత మారే ప్రతి 10 డిగ్రీలకూ రసాయన చర్య వేగం రెండు మూడు రెట్లు మారుతుంది. అందుచేత 25 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దింపితే విచ్ఛిన్నం కనీసం నాలుగో వంతుకు తగ్గుతుంది. అయితే చలి అన్నింటికీ మందు కాదు. తెల్లగా పాలలా కనిపించే ప్రొపొఫాల్ అనే మత్తుమందు ఒక ఎమల్షన్, అంటే నీళ్లలో సన్నటి నూనె బిందువులు తేలే మిశ్రమం; దాన్ని గడ్డకట్టిస్తే, ఆ నూనె బిందువులు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఎమల్షన్ విరిగిపోతుంది.

గాలి, వెలుతురు చేసే చెడుపు చూడాలంటే పారాల్డిహైడ్‌ను చూడాలి. 1882 నుంచి నిద్రకూ, ఆగని మూర్ఛకూ వాడిన ఈ ద్రవం పాతబడితే ఎసిటాల్డిహైడ్‌గా విడిపోయి, ఆపై ఆక్సిజన్‌తో కలిసి ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. సీసా మూత తీయగానే ఘాటైన వెనిగర్ వాసన వచ్చిందంటే, అది ఇక మందు కాదు, ఒంటిని కాల్చే ఆమ్లం. కొన్ని రకాల ప్లాస్టిక్ సిరంజీలను కూడా అది కరిగించేస్తుంది కాబట్టి, గాజు సిరంజీలలోనే తీసుకునేవాళ్లం. ముదురు గోధుమరంగు సీసాలు అందానికి వచ్చినవి కావు. మందును విరగ్గొట్టే శక్తి గల అతినీల, నీలి కిరణాలను ఆ రంగు గాజు చాలామటుకు ఆపేస్తుంది.

రసాయనిక మార్పులను ఆపగలిగినా, సూక్ష్మజీవుల బెడద మిగిలే ఉంటుంది. ప్రొపొఫాల్‌లో నూటికి 10 పాళ్లు సోయా నూనె, దానితో గుడ్డు లెసిథిన్, గ్లిసరాల్ ఉంటాయి. అంటే బ్యాక్టీరియాకు సిద్ధంగా వడ్డించిన ఆహారమన్నమాట. 1990 నుంచి అమెరికాలోని కొన్ని ఆసుపత్రులలో శస్త్రచికిత్స చేయించుకున్నవారికి సోకిన ఇన్ఫెక్షన్లకు కారణం వెదికితే, ఒకే వయల్‌ను పలువురికి వాడడం, సిరంజీలలో ముందే నింపి గంటలకొద్దీ ఉంచడం బయటపడ్డాయి. ఆ తరువాత కొన్ని తయారీలలో 0.005 శాతం ఈడీటీఏ అనే రసాయనం చేర్చారు. అది సూక్ష్మజీవుల పెరుగుదలను నెమ్మదింపజేస్తుందే గాని పూర్తిగా ఆపదు, అందుకే తెరిచిన ప్రొపొఫాల్‌ను, దాని గొట్టాన్ని 12 గంటలు దాటి వాడకూడదన్న నియమం ఉంది.

మరి అన్నింటిలోనూ సూక్ష్మజీవులను అడ్డుకునే గట్టి ప్రిజర్వేటివ్ వేస్తే సరిపోదా అని అడుగుతారేమో. ఈ ప్రశ్నకు జవాబు రాయడం నాకు బాధగా ఉంటుంది. ఇంజెక్షన్లలో సూక్ష్మజీవులు పెరగకుండా చేర్చే బెంజైల్ ఆల్కహాల్ పెద్దవాళ్ల శరీరంలో బెంజోయిక్ ఆమ్లంగా, ఆపై హిప్యూరిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఆ రెండో మెట్టు దాటే శక్తి ఇంకా రాదు. ఆ పదార్థం ఒంట్లో పేరుకుపోయి, ఊపిరి అందక ఎగశ్వాస పీల్చి మరణించిన పసికందుల గురించి 1982లో లోకానికి తెలిసింది. సీసాను కాపాడే పదార్థం శిశువుకు ప్రాణాంతకమైంది.

ఇక గడువు తేదీ సంగతి. మందులో కనీసం 90 శాతం చెక్కుచెదరకుండా ఉంటుందని పరీక్షలలో తేలిన కాలాన్నే సాధారణంగా గడువుగా లెక్కిస్తారు. ఆ తేదీ మూత తెరవని సీసాకు, లేబుల్‌పై చెప్పిన వేడిలోనూ చీకటిలోనూ ఉంచిన సీసాకు మాత్రమే వర్తిస్తుంది. మూత తెరిచాక వేరే లెక్క మొదలవుతుంది, ఆ లెక్కకు ఆధారం మన చేతిరాతే. ఒకరోజు సాయంత్రం మా ఫ్రిజ్‌లో సగం వాడిన లోరజిపామ్ వయల్ ఒకటి కనిపించింది. ద్రవం తేటగా ఉంది, రంగు మారలేదు, గడువుకు ఇంకా ఏడాది ఉంది, కాని ఎప్పుడు తెరిచారో దానిమీద ఎవరూ రాయలేదు. రిజిస్టర్‌లో లెక్క రాసి, పక్కన మరొకరి చేత సంతకం చేయించి, దాన్ని నాశనం చేయవలసిన మందుల పెట్టెలో వేసి, కొత్త వయల్ తీసి, దాని లేబుల్‌మీద మొదట తేదీ, తరువాత గంట రాశాను.

ఇట్లు,
మీ తాతయ్య