కల్లు సీసాలోనే మత్తుమందు: పాలమూరు, నల్లగొండ పిల్లల తాగుడు వెనక చరిత్ర

చిన్న వయసు తాగుడు ఆ తర్వాత మత్తుమందులకు దారితీస్తుందన్న చర్చకు 1975లో అమెరికా పరిశోధకురాలు డెనిస్ కాండెల్ న్యూయార్క్ రాష్ట్ర హైస్కూలు విద్యార్థులపై ప్రచురించిన అధ్యయనం పునాది వేసింది. బీరు, వైన్, తర్వాత సిగరెట్టు లేదా ఘాటైన మద్యం, ఆపై గంజాయి, చివరికి ఇతర మత్తుమందులు అనే వరసను ఆమె గుర్తించారు. ఒక మెట్టెక్కిన ప్రతివారూ పై మెట్టెక్కుతారని మాత్రం అనలేదు. పైగా నల్లజాతి పిల్లలు తెల్లజాతి పిల్లలకంటే తక్కువగా తాగుతారని అమెరికా సర్వేలే ఏళ్లుగా చెబుతున్నాయి కనుక, మొదటి మెట్టు ఏదన్నది ఎక్కడికక్కడ చూసి తేల్చుకోవలసిందే.

దక్షిణ తెలంగాణలో ఆ మొదటి మెట్టు చాలా ఇళ్లలో కల్లు. తాటి, ఈత చెట్ల నుంచి దించిన చెట్టు కల్లును పండుగనాడో, చలువ చేస్తుందని ఎండాకాలంలోనో పెద్దలే పిల్లల చేతికివ్వడం ఇక్కడ తప్పుగా ఎంచలేదు. కానీ చెట్లు తగ్గి, గిరాకీ తగ్గకపోవడంతో కల్లు దుకాణాల్లో నీళ్లు, చక్కెర, శాక్రిన్‌లతో పాటు నిద్ర, మత్తు కలిగించే మందులైన క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఇటీవలి కాలంలో ఆల్ప్రజోలామ్ కలిపిన మందు కల్లు రాజ్యమేలింది. ఆల్ప్రజోలామ్ 1985 నాటి మత్తుపదార్థాల చట్టం కిందికి వచ్చే మందు. అంటే మందు కల్లు తాగిన పిల్లవాడు తాగుడు నుంచి మత్తుమందుకు వెళ్లడానికి ఏళ్లు పట్టవు; రెండూ ఒకే సీసాలో, ఒకే గుటకలో లోపలికి పోతాయి. 2015లో తనిఖీలు బిగిసి మందు కలపడం ఒక్కసారిగా ఆగినప్పుడు పాలమూరు ఆసుపత్రులకు జనం వరసకట్టారు: చేతులు వణుకుతూ, నిద్రలేక, లేనివి కనబడుతున్నాయంటూ, కొందరు ఫిట్స్‌తో. నిద్రమాత్రలకు అలవాటు పడిన ఒంటికి అవి అందకపోతే కనిపించే లక్షణాలివి.

సారా కథ దీనికి తోడు. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పల్లెలకు చేర్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల పోరాటంతో 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో అది సడలింది. తర్వాత ఊరూరా వెలసిన, లైసెన్సు లేని బెల్టు షాపుల్లో వయసు అడిగేవారు లేరు. 21 ఏళ్లలోపు వారికి మద్యం అమ్మకూడదన్న నిబంధన లైసెన్సు దుకాణం గోడ దాటి ఊళ్లోకి రాలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన వారిలో మద్యం తాగే పురుషులు గ్రామాల్లో 49 శాతం, పట్టణాల్లో సుమారు 34 శాతం. స్త్రీలు గ్రామాల్లో 9 శాతం, పట్టణాల్లో 2.6 శాతం. పట్టణంలో అరుదైన ఆడవారి తాగుడు పల్లెలో అంత అరుదు కాకపోవడానికి, కూలి పని ముగించుకుని ఇంటిల్లిపాదీ కల్లు తాగే అలవాటు ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. వలస కూలీల బిడ్డలకు, ఆడపిల్లలతో సహా, ఈ అలవాటు చిన్నప్పుడే అంటుతుందని అనుకుంటాను. హైదరాబాద్–విజయవాడ రహదారి మీది సూర్యాపేట, దానికి దగ్గరలోని నల్లగొండ పట్టణాల కాలేజీ కుర్రాళ్ల దారి వేరు: వాళ్లకు బీరు తర్వాత ఎదురయ్యేది, విశాఖ ఏజెన్సీ అడవుల నుంచి అదే రోడ్డు మీదుగా తరలిపోయే గంజాయి. ఈ రెండో దారి కాండెల్ వరసకు సరిపోతుంది. మొదటిదైన మందు కల్లు దారి సరిపోదు, అందులో రెండు మెట్లూ ఒకే సీసాలో ఉంటాయి. పైగా సర్వేలో కల్లును మద్యం కిందే రాసుకుంటారు కాబట్టి, అందులోని ఆల్ప్రజోలామ్ ఏ లెక్కకూ ఎక్కదు.