పసుపు బస్సు దిగిన తర్వాత

జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో రవాణా శాఖ (ఆర్టీఏ) అధికారులు స్కూలు బస్సులను ఆపి చూడటం, ఫిట్‌నెస్ లేనివాటిని సీజ్ చేయడం ఏటా జరిగేదే. పసుపు రంగు, గట్టిగా మూసుకునే తలుపులు, కిటికీలకు కడ్డీలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, వేగాన్ని అదుపులో ఉంచే స్పీడ్ గవర్నర్, పిల్లలను చూసుకోవడానికి ఒక మనిషి: వాళ్లు చూసేవి ఇవి. వీటిలో చాలావాటి వెనక ఢిల్లీలో జరిగిన ఒక ఘోరం ఉంది.

1997 నవంబర్ 18న వజీరాబాద్ వంతెన మీద నుంచి స్కూలు బస్సు యమునలో పడింది. కిక్కిరిసిన ఆ బస్సులో వంద మందికి పైగా పిల్లలున్నారు. 28 మంది చనిపోయారు. అప్పటికే ఢిల్లీ కాలుష్యం, ట్రాఫిక్‌పై పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసు విచారిస్తున్న సుప్రీంకోర్టు రెండు రోజులకే ఆదేశాలిచ్చింది. పదేపదే చలాన్లు పడిన డ్రైవర్లు స్కూలు బస్సు నడపకూడదంది. డిసెంబర్‌లో మరిన్ని నిబంధనలు వచ్చాయి. ఢిల్లీ కోసం చెప్పినవే క్రమంగా దేశమంతటా స్కూలు బస్సులకు కొలమానం అయ్యాయి.

కానీ బస్సు ఎంత బాగున్నా అది వెళ్లే దారి మారలేదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో గేటూ కాపలా లేని రైల్వే క్రాసింగ్ దాటుతున్న స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొట్టింది. పదిహేను మందికి పైగా చనిపోయారు, దాదాపు అందరూ పిల్లలే. తెలంగాణ ఏర్పడి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అక్కడ గేటు పెట్టి ఒక మనిషిని కూర్చోబెట్టి ఉంటే ఆ పిల్లలు బతికేవాళ్లు. మాసాయిపేట ఒక్కటే చాలలేదు. 2016లో ఉత్తరప్రదేశ్‌లోని భదోహిలో, 2018లో కుశీనగర్‌లో ఇలాగే స్కూలు వ్యాన్లు రైళ్ల కింద పడ్డాయి. కుశీనగర్‌లో 13 మంది పోయారు. ఆ తర్వాత పని వేగం అందుకుని, 2019 జనవరి చివరికి బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని క్రాసింగ్‌లు లేకుండా పోయాయి. చేయాలనుకుంటే చేయగలమని దీంతో తేలింది. మాసాయిపేట నుంచి అక్కడికి చేరడానికి నాలుగున్నరేళ్లు పట్టడమే బాధ.

2019లోనే మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. 2023 ఫిబ్రవరి నుంచి బైక్ మీద నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు తప్పనిసరి. అలా పిల్లలున్న బైక్ వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.

ఇవన్నీ బండికి, నడిపేవారికి సంబంధించినవి. నడిచొచ్చే పిల్లల మాటేమిటి? 1971లో నెదర్లాండ్స్‌లో రోడ్డు ప్రమాదాల్లో 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. కూతురిని పోగొట్టుకున్న ఒక జర్నలిస్టు రాతతో మొదలైన ఉద్యమానికి ‘పిల్లల హత్య ఆపండి’ అని పేరు పెట్టారు. తల్లిదండ్రులు వీధులకు అడ్డంగా నిలబడ్డారు. నివాస వీధుల్లో కార్లు మనిషి నడకంత వేగంతోనే పోవాలని 1976లో అక్కడ చట్టంలో చేర్చారు.

మన దగ్గర మాత్రం బడి గేటు ముందు స్పీడ్ బ్రేకర్ కావాలన్నా ముందు ఆ రోడ్డు ఎవరిదో తేలాలి. పంచాయతీదా, మున్సిపాలిటీదా, ఆర్ అండ్ బీదా? జాతీయ రహదారి అయితే సాధారణంగా బ్రేకర్ వేయనివ్వరు. ఆ రహదారుల పక్కనే బడులున్న ఊళ్లకు అండర్‌పాసో, ఫుట్‌ఓవర్ బ్రిడ్జో కట్టాల్సిందే. అది కట్టేదాకా బడి వదిలే వేళకు అక్కడ ఒక పోలీసు ఉండాలి.