ఆస్ట్రేలియా ఖైదీ పూర్వీకులు: అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియా కుటుంబాలకు వంశవృక్షాలు వెతికిపెట్టడం నా వృత్తి. తాతముత్తాతల్లో బ్రిటన్ ద్వీపాంతర శిక్ష వేసి ఓడలో పంపిన ఖైదీ ఉన్నాడంటే ఒకప్పుడు గుట్టుగా దాచేవారు. ఇప్పుడు ఖైదీ దొరక్కపోతే మొహం చిన్నబుచ్చుకుంటున్నారు. అపోహలు మాత్రం అలాగే ఉన్నాయి.

అపోహ: ఆస్ట్రేలియన్లంతా ఖైదీల సంతానమే.
కాదు. 1788 నుంచి 1868 దాకా ద్వీపాంతర శిక్షపై వచ్చినవాళ్లు సుమారు 1,62,000 మంది. 1851లో బంగారం బయటపడ్డాక పదేళ్లలో దిగినవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ. ఖైదీలకు వేల ఏళ్ల ముందు నుంచే ఆదివాసులు అక్కడున్న సంగతి సరేసరి.

అపోహ: పాపం, ఆకలికి రొట్టెముక్క దొంగిలించి ఉంటాడు.
ఈ మాట విని విని చెవులు చిల్లులు పడ్డాయి. చిన్న దొంగతనాలే ఎక్కువ, నిజమే. కానీ చాలామందికి అది మొదటిసారి కాదు. శామ్యూల్ టెర్రీ అనే ఖైదీ కొట్టేసింది 400 జతల మేజోళ్లు! ఏడేళ్ల శిక్ష అయ్యాక సిడ్నీలో మహా సంపన్నుడై, 1838లో పోయాడు.

అపోహ: బతుకంతా సంకెళ్లలోనే గడిచింది.
ఎక్కువమందిని సెటిలర్ల దగ్గర, అంటే అక్కడికి వచ్చి స్థిరపడ్డవాళ్ల దగ్గర, పనికి పెట్టేవారు. నడవడి బాగుంటే ‘టికెట్ ఆఫ్ లీవ్’ ఇచ్చేవారు. దాంతో గడువు తీరకముందే సొంతంగా కూలికో వ్యాపారానికో వెళ్లొచ్చు. అలాగని సుఖపడ్డారనుకోకండి. యజమాని ఫిర్యాదు చేస్తే మేజిస్ట్రేటు కొరడా దెబ్బలు వేయించేవాడు.

అపోహ: దొంగ గురించి ఎవరు రాసిపెడతారు?
దొంగ గురించే రాసిపెట్టారు! సొంత డబ్బుతో వచ్చిన పెద్దమనిషి పేరు ఓడ జాబితాలో కనిపిస్తే అదే గొప్ప. ఖైదీకైతే టాస్మేనియా దీవి రిజిస్టర్లలో ఎత్తు అంగుళాలతో సహా దొరుకుతుంది. కళ్ల రంగు, మచ్చలు, చేతి మీద లంగరు పచ్చబొట్టు, తాగి దొరికినందుకు పడ్డ శిక్ష, అన్నీ ఉంటాయి. ఆస్ట్రేలియా ఖైదీల రికార్డులను 2007లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ జాబితాలో చేర్చింది. “మా తాత స్వేచ్ఛగా వచ్చాడు” అనే ఇళ్లవాళ్లు ముందు 1828 నాటి న్యూ సౌత్ వేల్స్ జనాభా లెక్కలు తిరగేయాలి. పేరు పక్కన ‘సీఎఫ్’ ఉంటే స్వేచ్ఛగా వచ్చినట్టు. ‘ఎఫ్ఎస్’ ఉంటే శిక్ష పూర్తిచేసి విడుదలైనట్టు. అక్కడ గుట్టు రట్టయిన ఇళ్లు చాలానే ఉన్నాయి.

అపోహ: పేరు కలిసింది, తాత దొరికాడు.
జాన్ స్మిత్‌లు కొల్లలు. అందుకే అప్పటి గుమస్తాలు పేరుతో పాటు ఖైదీ వచ్చిన ఓడ పేరు కూడా రాసేవారు. ఓడ, వచ్చిన ఏడాది కలవకపోతే ఆయన ఇంకెవరి తాతో.