కృత్తికల రంగు ఫొటోలో రావాలంటే

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. చిన్న టెలిస్కోప్ చేతికి రాగానే గెలాక్సీల మీదికి మనసు పోతుంది. తీరా తీస్తే ఫొటోలో బూడిదరంగు మసక తప్ప ఏమీ ఉండదు. దాంతో చాలామంది నీరుగారిపోతారు. దీపాల వెలుగుకు ఆకాశం తెల్లబారిన చోట గెలాక్సీలు, నీహారికలనే వాయు ధూళి మేఘాల్లాంటి పలచటి వెలుగు నిలవదు. నక్షత్రం వెలుగంతా ఒక్క చుక్కలో ఉంటుంది కాబట్టి ఆ తెలుపులోంచి కూడా పైకి తేలుతుంది. అందుకే ఇంటి దగ్గర ఫొటోలు తీసేవాళ్లను నక్షత్ర గుచ్ఛాలతో, అంటే గుంపుగా ఉండే నక్షత్రాలతో, మొదలుపెట్టమంటాను.

ముందుగా కృత్తికలు. పిల్లలకోడి అన్నా ఇవే. మామూలు కంటికి ఆరో ఏడో కనబడతాయి. గెలీలియో టెలిస్కోప్‌లో చూసి, 1610లో అచ్చేసిన బొమ్మలో 36 చుక్కలు పెట్టాడు. మీ కెమెరాకు అంతకంటే చాలా ఎక్కువే చిక్కుతాయి. ఈ గుచ్ఛం నాలుగు పున్నమి చంద్రుల్ని పక్కపక్కన పేర్చినంత వెడల్పు ఉంటుంది. 400 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న టెలిస్కోప్‌కు డీఎస్ఎల్ఆర్ కెమెరా తగిలిస్తే మొత్తం ఒకే ఫ్రేములో పడుతుంది.

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కదలని స్టాండ్ మీద పెట్టి తీస్తే ఒక్క సెకనులోనే చుక్క సాగి గీతవుతుంది. కాబట్టి ఆకాశంతో పాటు తిరిగే మోటారు మౌంట్ కావాలి. దాని ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు జాగ్రత్తగా సరిపెట్టుకోండి.

ఇక ఫోకస్. ఇక్కడ తొందరపడకండి. ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని కెమెరా తెర మీద పెద్దది చేసుకుని, ఫోకస్ మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. ఉబ్బిన చుక్క క్రమంగా కుదించుకుపోతుంది. ఒకచోట అది బాగా సన్నబడి, అంతవరకూ కనిపించని చిన్న చుక్కలు దాని పక్కన బయటపడతాయి. ఇంకాస్త తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది. ఆ సన్నబడ్డ చోటికి వెనక్కి రండి. రాత్రి చల్లబడేకొద్దీ ఫోకస్ కాస్త తప్పుతుంది, మధ్యమధ్యలో మళ్లీ చూసుకోవాలి.

ఎక్స్‌పోజర్ దగ్గర, అంటే ఒక్కో ఫొటోకు కెమెరా వెలుగు పట్టే సమయం దగ్గర, నాకు కొంచెం పట్టుదల ఉంది. ఎక్కువసేపు తీస్తే ఎక్కువ నక్షత్రాలు వస్తాయి, నిజమే. కానీ పెద్ద నక్షత్రాలన్నీ మాడిపోయి తెల్లగా మిగులుతాయి, వాటి రంగు పోతుంది. ఆ రంగు పోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే 15 సెకన్ల ఫొటోలు వందదాకా తీసి కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చండి. అలా వంద కలిపితే మచ్చమచ్చగా ఉండే నాయిస్ పదో వంతుకు తగ్గుతుంది. డీప్ స్కై స్టాకర్, సిరిల్ అనే సాఫ్ట్‌వేర్లు ఈ పని ఉచితంగా చేసిపెడతాయి. చివర్లో టెలిస్కోప్‌కు మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో కొన్ని నల్ల ఫొటోలు కూడా తీసుకోండి, కెమెరా సొంత మచ్చల్ని తీసేయడానికి పనికొస్తాయి.

రంగు కోసం ఇంత ఆరాటం ఎందుకంటే, అది గుచ్ఛం వయసు చెబుతుంది. కృత్తికలు పుట్టి సుమారు 10 కోట్ల ఏళ్లే. వాటిలో పెద్దవి ఇంకా బాగా వేడిగా మండుతున్నాయి, అందుకే నీలంగా ఉంటాయి. అలాంటివి ఇంధనాన్ని త్వరగా తగలేసుకుంటాయి. హెర్క్యులిస్ నక్షత్రమండలంలోని ఎమ్13 అనే గుచ్ఛం చూడండి. 1714లో ఖగోళ శాస్త్రవేత్త హాలీ కంటబడిన గోళాకార గుచ్ఛం అది. లక్షల నక్షత్రాలు, వయసు 1100 కోట్ల ఏళ్ల పైమాటే. భారీ నీలి నక్షత్రాలు అక్కడ ఎప్పుడో అయిపోయాయి. బాగా వెలిగేవి ఇప్పుడు ఉబ్బి చల్లబడిన నారింజ రంగువి. దీని నడిమి భాగం ఇట్టే మాడిపోతుంది, అక్కడ ఎక్స్‌పోజర్ ఇంకా తగ్గించండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: తెల్లవారేలోపు టెలిస్కోప్ మూసేయండి. పొరపాటున కూడా దాంతో సూర్యుణ్ణి చూడకండి, చూపు పోతుంది.

ఈ రెండూ వచ్చాక పుష్యమి పక్కనున్న ఎమ్44 అనే గుచ్ఛాన్ని తీయండి. దాని వయసు ఈ రెంటికీ మధ్య, 60 కోట్ల ఏళ్లకు పైన. నీలి తెలుపు చుక్కల మధ్య నారింజ చుక్కలు కొన్ని దొరకాలి. ఎన్ని కనబడ్డాయో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ
తాతయ్య