గుట్ట కాసే కమిటీ పెద్దలు: అపోహలు - వాస్తవాలు

పాలమూరు, నల్లగొండ వైపు అడవి అనగానే అందరూ నల్లమల వైపే చెయ్యి చూపిస్తారు. కానీ మా ఊళ్ళలో చాలావాటికి అడవంటే ఊరి వెనక గుట్టే. చుట్టూ పత్తి, కంది చేలు, నడుమ దీవిలాగా మిగిలిన రాళ్ళ గుట్ట. దాని మీద సీతాఫలం, మోదుగ, తునికి, బలుసు. ఇలాంటి గుట్టలను కాసే వన సంరక్షణ సమితులతో, గ్రామసభ కమిటీలతో ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నాను. మీటింగు పెట్టించడం, తీర్మానాలు రాయడం, లెక్కల పుస్తకం చూడడం నా పని. ఆ కమిటీ పెద్దల గురించి నాకు తరచుగా వినబడే మాటల్లో కొన్ని తప్పు. ఆ తప్పు మాటలకు జడిసి మంచివాళ్ళు ఈ పనికి వెనకాడుతున్నారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: కమిటీ అధ్యక్షుడంటే ఫారెస్టోళ్ళ మనిషి.

ఈ మాట ఊరికే పుట్టలేదు. 1988 జాతీయ అటవీ విధానం తర్వాత, అడవి కాపాడే పనిలో ఊరివాళ్ళను కలుపుకోవాలని 1990 జూన్ 1న కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఉమ్మడి రాష్ట్రంలో 1992లో ఈ పద్ధతి మొదలై, ప్రపంచ బ్యాంకు నిధులు వచ్చాక ఊరూరా సమితులు లేచాయి. ఖాతా సమితిదే అయినా అధ్యక్షుడి సంతకం పక్కన అటవీ అధికారి సంతకం పడితేనే డబ్బు బయటికొచ్చేది. దాంతో అధ్యక్షుడు ఊరి తరఫా, ఆఫీసు తరఫా అన్న అనుమానం పాతుకుపోయింది.

2006 అటవీ హక్కుల చట్టం కింద ఏర్పడే కమిటీ సంగతి వేరు. తాము ఎప్పటినుంచో కాస్తున్న అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును ఆ చట్టం ఊరి సమూహానికే ఇచ్చింది. కమిటీని వేసేది గ్రామసభ, దింపేదీ గ్రామసభే. 2012 సవరణ ప్రకారం గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ చట్టం గిరిజనులకే అనుకుని మిగతావాళ్ళు వదిలేసుకుంటున్నారు. మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా అడవిలో ఉంటూ దాని మీదే ఆధారపడినట్టు చూపగలిగితే వాళ్ళూ అడగొచ్చు.

అపోహ: నాయకుడి పని మొక్కలు నాటించడం.

2015లో సర్కారు మొక్కలు నాటించే హరితహారం వచ్చినప్పటి నుంచి అడవి అంటే నర్సరీ సంచులే కళ్ళముందు మెదులుతున్నాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత పంచాయతీ మీద పెట్టింది. అది సర్పంచు పని, మంచి పని. గుట్ట లెక్క మాత్రం వేరు. అక్కడ నేల కింద వేర్లు బతికే ఉన్నాయి.

ఒకసారి ఓ పెద్దాయన నన్ను మోదుగ మోడు దగ్గర కూర్చోబెట్టి చూపించాడు. ఎప్పుడో నరికిన మోడు, దాని చుట్టూ పదమూడు పిలకలు. ఏదీ వేలికన్నా లావు లేదు. ఆయన కొడవలి తీసి, మోడు పైకొస నుంచి లేచినవాటిని మొదట కోసేశాడు. "గివి గాలికి ఇరుగుతయి బిడ్డా, వీటికి పట్టు లేదు" అన్నాడు. నేలకు ఆనుకుని లేచినవాటిలో రెండు ఉంచాడు. కోసిన పుల్లలు కట్ట కట్టి అక్కడే ఉన్న ఒక ముసలమ్మకు ఇచ్చాడు. మూడు వానాకాలాల తర్వాత వెళ్ళి చూస్తే ఆ రెండూ నా తల దాటి పెరిగాయి. ఒక్క గుంత తవ్వలేదు, ఒక్క బిందె నీళ్ళు పొయ్యలేదు. ఏ మోడు మీద ఏది ఉంచాలో ఊరందరికీ చూపించడం, ఆ రెండింటినీ ఎవరూ ముట్టకుండా చూడడం, అదీ నాయకుడి పని.

అపోహ: గట్టిగా అరిచి బెదిరించగలిగినవాడే గుట్టను కాయగలడు.

గొంతు పెద్దదైతే అడవి నిలుస్తుందనేది నేనెక్కడా చూడలేదు. సీతాఫలం సంగతే తీసుకోండి. బాలానగర్ సీతాఫలం పేరు రాష్ట్రం దాటి పాకింది, మా గుట్టల కాయకూ బేరగాళ్ళు వస్తారు. బతుకమ్మకు గునుగు, తంగేడు కోసం గుట్టెక్కినప్పుడే ఆడవాళ్ళకు కాయ కనబడుతుంది. నేను తెంపకపోతే పక్కింటామె తెంపుతుందన్న భయంతో లేత కాయే బుట్టల్లో దిగుతుంది. గడ్డిలో పెట్టినా పండదు, నల్లబడి గట్టిపడుతుంది. బేరగాడు ధర విరిచేస్తాడు, ఊరంతా నష్టపోతుంది.

ఒక ఊళ్ళో కమిటీ కాయ తెంపే రోజు ఖాయం చేసింది. ఆ రోజుకు ముందు తెంపితే జుర్మానా. మొదట దొరికింది ఉపాధ్యక్షురాలి సొంత వదినే. ఊరంతా ఏం చేస్తుందోనని చూస్తోంది. ఆమె అరవలేదు. బుట్టలోంచి ఒక కాయ తీసి వదిన అరచేతిలో పెట్టింది. "ఒదినా, గిది కన్ను ఇచ్చిందా? నువ్వే జెప్పు." కాయ ముదిరితే పైనున్న గళ్ళ మధ్య సందులు విడిపోయి లేత పసుపు తిరుగుతాయి, దాన్నే కన్ను విచ్చడం అంటారు. ఆ కాయ గళ్ళు బిగుసుకునే ఉన్నాయి. వదిన ఏమీ అనకుండా జుర్మానా కట్టింది. రసీదు రాసింది నేనే. ఆ రాత్రి ఆ రెండిళ్ళ మధ్య మాటల్లేవని తర్వాత తెలిసింది, దీపావళి దాకా అలాగే నడిచింది. పెద్దరికం అంటే ఆ ఇరవై రోజులు ఓర్చుకోవడం. ఆ ఏడు మాత్రం ఇంకెవరూ ముందు తెంపలేదు.

అపోహ: కమిటీలో ఆడవాళ్ళు సంతకానికే.

సంతకానికే పెట్టిన ఊళ్ళూ ఉన్నాయి, దాచను. వన సంరక్షణ సమితుల మీద 2002లో వచ్చిన సర్కారు ఉత్తర్వు అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవుల్లో ఒకటి మహిళకు ఇవ్వాలంది. పదవి ఇచ్చి మీటింగు పొద్దుగూకినాక పెడితే, పొయ్యి దగ్గరున్న మనిషి ఎలా వస్తుంది? మేం మీటింగును మధ్యాహ్నానికి మార్చిన ఊళ్ళలో మాట్లాడేవాళ్ళు మారిపోయారు. కట్టెలకు రోజూ వెళ్ళేది వాళ్ళే కాబట్టి, ఏ వైపు గొడ్డలి దెబ్బ పడిందో అందరికన్నా ముందు వాళ్ళకే తెలుస్తుంది.

అపోహ: గొల్లకురుమల మందలే గుట్టకు శత్రువు, వాళ్ళను దూరం పెట్టాలి.

దూరం పెట్టిన ప్రతిచోటా రాత్రిపూట మేపు మొదలైంది. మంద తగలకూడనిది పిలక మేక మూతి దాటి ఎదిగేదాకా, అంతే. గుట్టను భాగాలు చేసి, ఒకటి మూసినప్పుడు మిగతావి తెరిచి ఉంచితే సరిపోతుంది. ఆ వంతులు వేసేటప్పుడు కాపరి కమిటీలో కూర్చోవాలి. పైగా ఎండాకాలం మంట లేస్తే మొదట చూసేది ఆయనే.

అపోహ: పదవికి జీతం వస్తుంది. 

రాదు.

అపోహ: చెంచులకు అడవి కాపాడడం నేర్పాలి.

నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో పెంటల్లో, అంటే అడవి లోపలి చిన్న గూడేల్లో, బతుకుతున్న చెంచులు తేనెకు కొండ అంచున తాడు మీద దిగుతారు. పైన తాడు పట్టుకునేది బావమరిది. అక్క మొగుడి ప్రాణం తమ్ముడి చేతిలో ఉంటుందన్నమాట. ఎవరిని నమ్మాలో తరతరాలుగా తేల్చుకున్న మనుషులకు కమిటీ పాఠం చెప్పడానికి వెళ్ళేముందు, వాళ్ళ దగ్గర నాలుగు రోజులు కూర్చుని వినాలి. 2019లో అక్కడ యురేనియం తవ్వకాల మాట లేచినప్పుడు ఆ పెంటలు, ఆ మండలాలు తిరగబడ్డాయి. ఆ సెప్టెంబరులోనే శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

అపోహ: లెక్కలు చదివితే ఊళ్ళో గొడవలొస్తాయి.

చదవకపోతేనే వస్తాయి. ఇది నా తప్పుతో తెలిసింది. ఒక ఏడు సీతాఫలం డబ్బు, జుర్మానాల డబ్బు ఎంతొచ్చిందో, ఎంత పోయిందో మీటింగులో చదవాల్సింది. వాన పట్టింది, జనం లేచారు, వచ్చే నెల చదువుదామని పుస్తకం మూసేశాను. ఆ నెలలో అధ్యక్షుడు తిన్నాడన్న మాట ఊరంతా పాకింది. తర్వాత రచ్చబండ మీద రూపాయి రూపాయి చదివాం, పైసా తేడా లేదు. కానీ ఆయన మనసు అప్పటికే విరిగింది, రాజీనామా ఇచ్చేశాడు. ఎంత బతిమాలినా మళ్ళీ కమిటీలోకి రాలేదు. ఫిబ్రవరి రాగానే మాత్రం, మంట పాకకుండా గుట్ట చుట్టూ ఎండుటాకు ఊడ్చి బాట తీసే రోజున, చీపురు పట్టుకుని ఇప్పటికీ అందరికన్నా ముందు వచ్చి నిలబడతాడు.