తోడేలు ఎందుకు కాలెత్తుతుంది?

బంగారు పిల్లలూ,

కుక్క ఉచ్చ పోశాక వెనక కాళ్లతో మట్టి గీరుతుంది కదా, అది పిల్లిలాగా కప్పెట్టడానికేనా అని మొన్న ఫోన్‌లో అడిగారు. కాదమ్మా. ఇవాళ పొద్దున కపిలతీర్థం రోడ్డులో ఒక కుక్కను ఆగి మరీ చూశాను. మట్టి ఎగిరి ఎక్కడో పడింది, స్తంభం కింద తడి తడిగానే ఉంది. దాని కాలివేళ్ల మధ్య గ్రంథులుంటాయి, గీరితే ఆ వాసన కూడా నేలకు అంటుతుంది. ఈ అలవాటు తోడేళ్లకూ ఉంది, కుక్కలు వాటి వంశమే కాబట్టి అసలు కథ అక్కడి నుంచి చెప్తాను.

తోడేళ్ల గుంపులో అందరూ కాలెత్తి ఉచ్చ పోయరు. ఎక్కువగా పిల్లల్ని కనే జంటే ఆ పని చేస్తుంది, అదీ నేల మీద కాకుండా ఏ మొద్దుకో రాయికో తగిలేలా. ఆ వాసనలో పోసింది ఆడదా మగదా, జతకట్టే కాలం వచ్చిందా అన్నీ తెలుస్తాయి. మామూలు ముక్కు చాలదని, అంగిలి పైభాగంలో దీనికోసం ఇంకో అవయవం కూడా ఉంటుంది, జాకబ్సన్ అనే ఆయన 1813లో దాన్ని వర్ణించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు.

అమెరికాలోని మిన్నెసోటా అడవుల్లో రోజర్ పీటర్స్, డేవిడ్ మెక్ అనే ఇద్దరు చలికాలంలో మంచులో అడుగుజాడలు పట్టుకుని తిరిగి, 1975లో రాశారు: తోడేళ్లు నడిచే దారిలో సగటున 240 మీటర్లకు ఒక వాసన గుర్తు ఉందట. ఇలాకా మధ్యలో కన్నా పొలిమేరల్లో రెట్టింపు ఉన్నాయి, ఎందుకంటే పక్క గుంపు గుర్తు తగిలితే చాలు, తోడేలు దాని మీదే మళ్లీ పోస్తుంది.

నాకు బాగా నచ్చింది ఒంటరి తోడేలు సంగతి. గుంపు వదిలి పరాయి ఇలాకాల్లో తిరిగేటప్పుడు అది కాలెత్తడం దాదాపు మానేస్తుంది, అక్కడి గుంపుకు దొరికితే చంపేస్తుంది మరి. అదే తోడు దొరికిందా, ఇద్దరూ కలిసి చెట్టుచెట్టుకూ గుర్తు పెడతారు, పాత కాపురాల కన్నా కొత్త జంటే ఎక్కువ పెడుతుంది!

ఈ పొలిమేరల వల్ల బాగుపడేది జింకలు. పక్క గుంపు ఎదురైతే ప్రాణాలు పోయే పోట్లాట కాబట్టి అక్కడ ఏ గుంపూ ఎక్కువసేపు వేటాడదు. మిన్నెసోటాలో జింకలు బాగా తగ్గిపోయిన రోజుల్లో మిగిలినవి ఎక్కువగా ఆ సరిహద్దుల్లోనే కనబడ్డాయని మెక్ 1977లో రాశాడు.

మీ అవ్వ,
తిరుపతి